గొంగళ్ల గదిలో తొమ్మిది నిమిషాలు

2 జూన్ 2024, ఆదివారం

పొద్దున జెండా పండుగకు మైక్ సెట్టు పెట్టి వచ్చాను. రాష్ట్రం వచ్చి పదేళ్లు. రెండు బాక్సులు, ఒక మైకు, పావుగంట ఉపన్యాసం. ఈ నెలకు నా పని అంతే. శుక్ర మూఢం కదా, ఏప్రిల్ ఆఖరు నుంచి ఒక్క పెళ్లి లేదు. మూఢం పోతే ఆషాఢం. శ్రావణం దాకా నా డీసీఎం వ్యాను, బేస్ బాక్సులు, లైట్లు షెడ్డులో దుమ్ము తినాల్సిందే.

మనిషికి పని లేకపోతే పంచాయితీ దొరుకుతుంది. మాకు ప్రాగ్ పంచాయితీ ఉంది. వాట్సాప్ గ్రూపు. ఇరవై మూడు మందిమి. భువనగిరి, నల్లగొండ, మహబూబ్‌నగర్ వాళ్లం, తిరుమలగిరి నుంచి సైదులు ఒక్కడు. ప్రాగ్ అంటే ప్రోగ్రెసివ్ రాక్, ఇంగ్లీషు బ్యాండ్ల పొడుగు పాటలు. అవి వినేవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకా ఎవరైనా ఉంటే నాకు తెలియదు. పేరు పెట్టింది నేనే, అడ్మిన్ నేనే.

ఇవాళ మళ్లీ అదే గొడవ. ప్రపంచంలో అందరికంటే గొప్ప ప్రాగ్ గిటారిస్టు ఎవరు? మహబూబ్‌నగర్ పరశురాములు సార్ బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. స్టీవ్ హ్యాకెట్ తప్ప ఇంకో పేరు ఎత్తితే బీపీ తెచ్చుకుంటాడు. నల్లగొండ మనీష ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది. గిల్మర్ ఒక్క నోటు వంచి పట్టుకుంటే మిగతా వాళ్ల నలభై నోట్లు దండగ అని ఆమె వాదన. నాది స్టీవ్ హౌ. ఎన్ని రకాల గిటార్లు ఇస్తే అన్ని రకాల చేతులు.

సైదులుది రాబర్ట్ ఫ్రిప్. పదిహేనేళ్ల నుంచి ఒకటే కారణం. ఫ్రిప్ స్టూలు మీద కూర్చుని వాయిస్తాడు. కూసోని చేసెటోడే పనోడు, మా అమ్మ గూడ కూసోనే ఉన్ని వడికేది, నిలవడి ఎగిరెటోడు పెండ్లికొడుకు దోస్తు అని ఇవాళ కూడా రాశాడు. గ్రూపంతా నవ్వింది.

నేను నవ్వలేదు. తొమ్మిదేళ్లు అతన్ని డీసీఎం మీద నిలబెట్టి ఎగిరించింది నేనే.

5 జూన్

పెండ్లిల్లు లేక నీకు పిచ్చి లేసింది, ఎక్కడి ముసలోళ్ల గిటార్ల కోసమో అన్నం సల్లార్చుకుంటున్నవ్ అంది మా ఆవిడ నాగరాణి. నిజమే, చల్లారింది.

9 జూన్, ఆదివారం, సాయంత్రం 5

మనీష మంచి మాట అంది. మనం పేరు చూసి ఓటేస్తున్నం, చెవి పెట్టి కాదు సార్, పేర్లు తీసేసి పెట్టుండ్రి చూద్దాం అని. దాంతో టోర్నమెంట్ ఖాయమైంది. ఎనిమిది క్లిప్పులు, ఒక్కోటి రెండు నిమిషాలు. పేర్లుండవు, నంబర్లే. జతకు ఒకటి గెలుస్తుంది, చివరికి ఒకటి మిగులుతుంది. క్లిప్పులు కోసేది నేను. నాకు పేర్లు తెలుస్తాయి కాబట్టి నాకు ఓటు లేదు. మిగతా ఇరవై రెండు మంది సమానంగా చీలితే మాత్రం అడ్మిన్ ఓటు.

పరశురాములు సార్ ఇంకో రూలు పెట్టించాడు. గెలిచినవాడి పేరే చెప్పాలి, ఓడినవాళ్ల పేర్లు ఎప్పటికీ చెప్పొద్దు. చెప్తే గ్రూపు పగుల్తది విజేందర్, నా హ్యాకెట్‌ను ఎవడన్న మొదటి రౌండ్‌ల ఓడగొట్టిండని తెలిస్తే నేను తట్టుకోను అన్నాడు. అందరూ సరే అన్నారు.

11 జూన్, మధ్యాహ్నం 3

ఏడు క్లిప్పులు కోశాను. ఎనిమిదోదానికి హోల్డ్స్‌వర్త్ అనే గిటారిస్టు కోసమని పాత హార్డ్ డిస్క్ తీశాను.

అబద్ధం. ఎవరూ చదవని డైరీలో కూడా అబద్ధమెందుకు. హోల్డ్స్‌వర్త్ నా ఫోన్లోనే ఉన్నాడు. సైదులు ఫోల్డర్ ఇంకా ఉందా లేదా అని తీశాను. ఉంది. ఉందని తెలుసు.

రాస్తాను. ఎక్కడో ఒకచోట రాయాలి కదా.

సైదులుది తిరుమలగిరిలో గొర్ల కాపరుల ఇల్లు. భువనగిరి డిగ్రీ కాలేజీలో నా బెంచి. నేను హైదరాబాద్ పోయి ఎంపీత్రీ సీడీలు తెచ్చేవాణ్ణి, ఇద్దరం వినేవాళ్లం. ఎన్నేళ్లు విన్నా నా వేలు కదలలేదు. అతను ఏడాది తిరగకుండా వాయించాడు. నేను సౌండ్ సర్వీసు, ఆర్కెస్ట్రా మొదలుపెట్టినప్పుడు లీడ్ గిటార్ అతనే. పెళ్లిలో సినిమా పాటలు, బరాత్‌లో తీన్మార్. మధ్యలో నేను చూడనప్పుడు ఫ్రిప్.

2015 జనవరిలో హైదరాబాద్‌లో ఒక ప్రాగ్ బ్యాండ్ గిటారిస్టు కావాలని పెట్టింది. సొంత ట్యూను ఒకటి రికార్డు చేసి ఈమెయిల్ చేయాలి. సైదులుకు కంప్యూటర్ లేదు. రికార్డింగ్ నాది, పంపడం నాది, నువ్వు వాయించు చాలు అని మాటిచ్చాను.

తిరుమలగిరిలో వాళ్ల ఇంటి వెనక రేకుల గది. అందులో దగ్గితే నాలుగు సార్లు వినపడేది. సైదులు వాళ్లమ్మ గోపమ్మ సంతకు కట్టి పెట్టిన గొంగళ్ల మూట విప్పి ఇచ్చింది. నాలుగు వేలాడదీస్తే సరిపోయేది. మాకేం తెలుసు, ఎన్ని వేస్తే అంత మంచిదనుకున్నాం. గోడలకు, తలుపుకు, రేకుల కింద, మొత్తం ఇరవై రెండు గొంగళ్లు. గది చచ్చిపోయింది. చప్పట్లు కొడితే శబ్దం చేతుల దగ్గరే రాలిపోయింది. ఉన్ని వాసనకు నాకు ఒకటే తుమ్ములు. సైదులు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తొమ్మిది నిమిషాల నలభై సెకండ్లు. ఒక్క టేకు.

నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నాను. రెండో నిమిషంలోనే అర్థమైంది. వీడు పోతాడు. ఇది వింటే వాళ్లు వీణ్ణి వదలరు. సంతోషం వేసింది, అది నిజం. వెంటనే పెళ్లిళ్ల లెక్క వేసుకున్నాను, అదీ నిజం. ఆ మాఘమాసంలో నాకు పదిహేడు పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నాయి. వీడు పోతే లీడ్ గిటార్ లేదు.

నేను పంపలేదు.

గడువు దాటిన రెండో రోజు తిరుమలగిరి పోయి, హార్డ్ డిస్క్ కరప్ట్ అయింది, ఫైలు పోయింది అని చెప్పాను. నా మొహం చూసి తల్లీకొడుకులే నన్ను ఓదార్చారు. గోపమ్మ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పిల్ల గొర్రెకు మొదటిసారి కత్తిరించిన ఉన్ని అమ్మదు, వడకదు, బీరప్ప దగ్గర పెట్టి వస్తుంది. మొదటి ఉన్ని దేవునిది, రెండోది మనది, ఫికర్ చెయ్యకు బిడ్డా అని ఒక గొంగడి తెచ్చి నా భుజాన వేసింది. దొంగకు శాలువా కప్పినట్టు. నేను కప్పుకుని వచ్చాను.

రెండోది రాలేదు. తర్వాత ఆరేళ్లు అతను డీసీఎం మీద నా టాప్స్ ముందు, అంటే పెద్ద స్పీకర్ల ముందు నిలబడ్డాడు. ఒకసారి స్టూలు అడిగాడు. పెళ్లివాళ్లు పానం బాగలేదనుకుంటారు, వద్దు అన్నాను. 2019లో కుక్కర్ విజిల్ వినపడటం లేదన్నాడు. దవాఖానలో పరీక్ష చేశారు. సన్నటి శబ్దాలు పోయాయి, ఇంక రావు, మిగిలింది కూడా మెల్లగా పోతుంది అన్నారు. పెద్ద బాక్సుల ముందర పని చేస్తారా అని డాక్టరమ్మ అడిగిందట. లేదు మేడం, గొర్లు కాస్త అని చెప్పి వచ్చాడు. నా సర్వీసుకు చెడ్డపేరు రావద్దని. 2021లో గోపమ్మ కరోనాతో పోయింది. గిటార్ అటక ఎక్కింది. అతను నిజంగానే గొర్ల దగ్గరికి పోయాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే సగం మాటే అందుతుంది, అందుకే గ్రూపులో టైపు చేస్తాడు. పాటలో కింది సగం ఇంటున్న, పై సగం యాదికి తెచ్చుకుంటున్న అంటాడు.

12 జూన్

పెట్టాను. ఏడో నంబరు సైదులు.

చివరి రెండు నిమిషాలు తీసుకున్నాను. ఆ చివర పదకొండు సెకండ్లు కోసేశాను. తీగ మోగడం ఆగాక గోపమ్మ గొంగడి పక్కకు జరిపి తొంగి చూసి ఒక మాట అడుగుతుంది. ఆ గొంతు ఉంటే రహస్యం దాగదు.

ఎందుకు పెట్టానో రాసుకోవాలి. అది మొదటి రౌండులోనే ఓడిపోవాలి. మామూలు వాయింపు అని ఇరవై రెండు మంది తేల్చాలి. అప్పుడు నేను చెడగొట్టింది పెద్దగా ఏం లేనట్టే. తొమ్మిదేళ్ల బరువు సగం దిగుతుంది. ఓడినవాడి పేరు చెప్పొద్దనే రూలు కూడా ఉంది.

సైదులుకు సరిగా వినపడదు కదా అనే ధైర్యం కూడా. ఛీ.

16 జూన్, ఆదివారం

ఏడు, నాలుగు. నాలుగు అంటే గిల్మర్. ఏడుకు పద్నాలుగు, నాలుగుకు ఎనిమిది.

మనీష గిల్మర్‌ను కాదని ఏడుకు ఓటేసింది, తనకు తెలియకుండానే. పైగా పేరా రాసింది. ఈయన నోటుకు నోటుకు నడుమ ఆగుడు చూడుండ్రి, ఆ సైలెన్స్ చూడుండ్రి, ఒక్క పిసరు ఈకో లేదు, గింత డ్రై సౌండ్ రావాల్నంటే లండన్‌ల పెద్ద స్టూడియోనే అయ్యుంటది అని. నాకు ఉన్ని వాసన వచ్చింది. నిజంగా తుమ్మాను.

సైదులు నాలుగుకు ఓటేశాడు. ఏడోవాడు ఉరుకుతుండు, జర ఓపిక లేదు అని రాశాడు. ఐదో నంబరు, అంటే ఫ్రిప్, ఇవాళే ఓడిపోయాడు. పేరు చెప్పకపోయినా సైదులు పట్టేసినట్టున్నాడు. మీరంత చెవులున్న చెవిటోళ్లు అని పెట్టాడు. దానికి ఇరవై నవ్వు బొమ్మలు.

23 జూన్

రోజూ మొత్తం తొమ్మిది నిమిషాలూ వింటున్నాను. ఇది ఓడిపోయేది కాదు.

30 జూన్, ఆదివారం, ఉదయం 11

సెమీస్. ఏడు, మూడు. మూడు హ్యాకెట్.

పరశురాములు సార్ వాయిస్ మెసేజ్ పెట్టాడు, మూడు నిమిషాలు. నన్ను నిద్రల లేపి వినిపించుండ్రి, హ్యాకెట్ ఏదో చెప్త, ఏడు హ్యాకెట్టే, ఆ వేళ్లు నాకు తెల్వదా, నలభై ఏండ్ల సంసారం మాది అని. అంటూ అసలు హ్యాకెట్‌కు వ్యతిరేకంగా ఓటేసి, ఇంకో నలుగురితో వేయించాడు. ఏడుకు పదమూడు, మూడుకు తొమ్మిది. పగలబడి నవ్వాల్సిన సంగతి. తేలు కుట్టిన దొంగలా గ్రూపు చూస్తూ కూర్చున్నాను.

సైదులు ఈసారి కూడా ఏడుకు వేయలేదు.

7 జూలై

గ్రూపులో ఏడో నంబరు తప్ప ఇంకో మాట లేదు. బయటికి రాని టేపు అని ఒకరు, జపాన్ మనిషి అని ఒకరు. మధ్యాహ్నం మనీష ఫోన్ చేసింది. పేరు చెప్పకుండ్రి సార్, ఒక్కటే చెప్పుండ్రి, ఆయన బతికున్నడా అని అడిగింది. ఉన్నాడు అన్నాను. ఇంకా వాయిస్తుండా అని అడిగింది.

సిగ్నల్ లేదని పెట్టేశాను. ఇంట్లో, వైఫై పక్కన కూర్చుని.

14 జూలై, ఆదివారం

వాన తెరిపిచ్చిందని నాగరాణి అటక మీది సామాను ఎండకు వేసింది. గోపమ్మ గొంగడి కూడా. ఇంత మంచి గొంగడి, ఒక్కనాడన్న కప్పుకోవు, ఇంకొకరికి ఇయ్యవు, ఎందుకట్ల అని అడిగింది. గోపమ్మ పోయిన్నాడు గూడ మొకం గిట్లనే పెట్టినవ్, ఏదో ఉన్నది అంది.

చెప్పేశాను. మెట్ల మీద కూర్చుని, మొత్తం. చివరికి, సైదులన్న మన బిడ్డ పుట్టినప్పుడు దవాఖానల మూడు రోజులు నీతోనే ఉన్నడు గదా అంది. ఉన్నాడు. గంటన్నర తొవ్వ, ఇప్పుడే పోయి చెప్పు, గీ ఓట్లెందుకు, నంబర్లెందుకు అంది.

ఫైనల్ అయిపోనీ అన్నాను. ఏడు గెలిస్తే రూలు ప్రకారం పేరు చెప్పాల్సిందే కదా. అప్పుడు అందరి ముందూ అతని పేరు ఘనంగా వస్తుంది, అదే మంచిది అని ఆమెకు వివరించాను. నా గొంతు నాకే మా ఎమ్మెల్యే గొంతులా వినపడింది. నాగరాణి గొంగడి మడత పెట్టి నా ఒళ్లో పడేసి లోపలికి పోయింది.

28 జూలై

ఫైనల్ పెట్టాను. ఏడు, రెండు. రెండు స్టీవ్ హౌ, నా మనిషి. వచ్చే ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాకా గడువు.

4 ఆగస్టు, ఆదివారం, మధ్యాహ్నం 12.10

పదకొండు, పదకొండు.

అడ్మిన్ ఓటు, అడ్మిన్ ఓటు అని అరుస్తున్నారు.

12.45

రెండుకు వేశాను.

విజేత స్టీవ్ హౌ అని పోస్టర్ కూడా పెట్టాను, ముందే చేసి పెట్టుకున్నది. ముందే చేసి పెట్టుకున్నాను అని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. ఏడుకు పోస్టర్ చేయలేదు. అంటే నేను ఎప్పుడో నిర్ణయించుకున్నాను. ముప్పై ఐదు నిమిషాలు ఆలోచించినట్టు నటించింది ఎవరి కోసం? గది తలుపు కూడా వేసుకున్నాను.

గ్రూపు మండిపోతోంది. అడ్మిన్ సొంత మనిషికి ఓటేసుకున్నాడు, దొంగ ఎన్నిక అంటున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే నేను భుజాలు తడుముకుంటున్నాను. వాళ్లు అంటున్న దొంగతనం వేరు, నేను చేసింది వేరు.

సాయంత్రం 6

సైదులు మెసేజ్. గ్రూపులో కాదు, నాకు ఒక్కడికే. ఇంత పొడుగు మెసేజ్ అతను ఎప్పుడూ రాయలేదు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకుంటున్నాను.

ఏడు నేనే గదా విజేందర్ అని మొదలుపెట్టాడు. మొదటిరోజే తెలిసిందట. పై నోట్లు నాకు అందలే, కానీ ఈకో లేదు, సప్పుడు గంత సచ్చిన జాగ ప్రపంచంల ఒక్కటే, మా అమ్మ గొంగళ్ల రూము అని రాశాడు. అందుకే ఎదురు ఓటేశాడట. ఓడిపోతే నీకు చెప్పే బాధ తప్పుతది, నీ నామోషి నీలనే ఉంటది అనుకున్న, కానీ అది గెలుసుకుంట పోయింది అని.

ఇవాళ పదకొండున్నరకు చూస్తే ఏడుకు పదకొండు, రెండుకు పది. మిగిలింది అతని ఓటు ఒక్కటే. నేను ఏడుకేస్తే నీ నోట్లకెళ్లి నా పేరు రావాల్సిందే, గట్ల ఓటు పెట్టి గుంజుకునుడు నాకు ఇష్టం గాలే, నీ అంతట నువ్వు చెప్తవేమోనని రెండుకేసిన అని రాశాడు.

పోనియ్యి అని రాశాడు.

తర్వాత కొంచెం ఆగి ఇంకో మెసేజ్. అంటే ఫైలు ఖరాబు కాలేదన్నట్టు గదా. ఆఖరికి అమ్మ లోపలికొచ్చి ఏదో అన్నది, నేను అప్పుడు గిటారే చూస్తున్న, ఇనలే. అది గూడ ఉన్నదా అండ్ల?

ఉంది అని రాశాను.

5 ఆగస్టు

శ్రావణం మొదలు. రాయడానికేం లేదు.

9 ఆగస్టు, శుక్రవారం

గుట్ట కింద ఫంక్షన్ హాల్లో పెళ్లి. పగటి ముహూర్తం, పదకొండింటికే ఊరేగింపు. నేను ఎప్పుడూ డ్రైవర్ పక్కన కూర్చుంటాను, అద్దాలు ఎక్కించుకుని. ఇవాళ డీసీఎం మీద టాప్స్ ముందు నిలబడ్డాను, సైదులు నిలబడే చోట. గంటన్నర. దిగాక పెళ్లికూతురి తండ్రి ఏదో అడిగాడు, పెదాలు కదలడం కనిపించింది. ఇంటికొచ్చి నాలుగు గంటలైనా చెవుల్లో గుయ్యిమంటోంది.

నాకు గంటన్నర. అతనికి తొమ్మిదేళ్లు. నేను ఒకసారి నిలబడితే లెక్క సరిపోతుందని కాదు. ఏదీ సరిపోదు.

సైదులూ, నేను నీ చేతిని అమ్ముకుని తిన్నాను. నీ చెవిని కూడా.

11 ఆగస్టు, ఆదివారం, ఉదయం 10

గ్రూపులో పెట్టాను. ఏడో నంబరు, సైదులు, తిరుమలగిరి, 2015. మొత్తం తొమ్మిది నిమిషాల నలభై సెకండ్లు. చివరి పదకొండు సెకండ్లు మాత్రం పెట్టలేదు, అవి గ్రూపువి కావు. కింద నేను చేసింది రాశాను. డిస్క్ చెడిపోలేదని, పదిహేడు పెళ్లిళ్లని, చెవులని. ఏం దాచలేదు.

మొదట అరగంట పండుగ. మన తిరుమలగిరా, మన సైదులా అని. పరశురాములు సార్ ఏడుస్తూ వాయిస్ పెట్టాడు. నలభై ఏండ్ల సంసారం పాడుగాను, నేను హ్యాకెట్ అనుకున్నది మన పిలగాణ్నా అని. తర్వాత ఒక్కొక్కరే కింది భాగం చదివినట్టున్నారు. నవ్వు బొమ్మలు ఆగిపోయాయి. నువ్వు మాకు తొమ్మిదేళ్లు స్టీవ్ హౌ గురించి చెప్పినవ్ గదా విజేందర్ అని సారే మళ్లీ రాశాడు, అంతే రాశాడు. ముగ్గురు గ్రూపు నుంచి వెళ్లిపోయారు. సైదులు సార్, మీరు మళ్ల ఒక్కసారి వాయించుండ్రి, మేమే అక్కడికి వస్తం అని మనీష అతనికి రాసింది.

సైదులు జవాబు మధ్యాహ్నం వచ్చింది. ఎప్పటిలాగే ఒకటే పేరు. ఫ్రిప్.

అడ్మిన్ మనీషకు ఇచ్చేశాను.

18 ఆగస్టు, ఆదివారం

మోత్కూరు మీదుగా తిరుమలగిరి. గొంగడి తీసుకుపోయాను. సైదులు గొర్ల దొడ్డి దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చిన్న స్పీకర్ అతని ఒళ్లో పెట్టాను. గొంగడి తనకూ స్పీకర్‌కూ కలిపి కప్పాడు, గాలికి సౌండ్ పోకుండా. అరచేయి బాక్సు మీద ఆనించి తొమ్మిది నిమిషాలూ విన్నాడు. ఉరుకుతున్న గదా అన్నాడు ఒకచోట. చివరి పదకొండు సెకండ్లు మూడుసార్లు పెట్టమన్నాడు. అమ్మనే, కానీ మాట అందుతలేదు, ఏమన్నదిరా అని అడిగాడు.

చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిచాను. దొడ్డిలో గొర్లన్నీ తలలెత్తి చూశాయి.

అయిపోయిందా, ఇంకోటి కొట్టరాదురా అన్నది.